బావి నీళ్ళ వాసన ఇంటి గొడవ కాదు

(గ్రామాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా మనం ఆస్తి హక్కు గురించి, గృహహింస గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు బావి నీళ్ళ కంపు గురించి మాట్లాడతానంటే ఇదేం విషయమని కొందరికి అనిపించవచ్చు. "నీళ్ళు వాసనొస్తే బ్లీచింగు వేసుకుంటాం, దానికి ఉపన్యాసమెందుకక్కా?" అని నిన్న భోజనాల దగ్గర ఒక చెల్లెలు నవ్వుతూ అడిగింది. నా సంగతి చెబితే ఎందుకో ఆమెకు అర్థమవుతుంది.

నేను కాపురానికి వెళ్ళిన ఊరు గోదావరి డెల్టాలో వుంది. పెరట్లో బావి. వానాకాలంలో పదడుగుల లోతునే నీళ్ళు. ఇంట్లో మరుగుదొడ్డి లేదు. చీకటి పడేదాకా ఉగ్గబట్టుకోవటం, చెరువుగట్టు మీద ఎవరన్నా వస్తే లేచి నిలబడటం మీకందరికీ తెలిసినవే. మూడేళ్ళు పోరి మరుగుదొడ్డి సాధించుకున్నాను. మేస్త్రీ వచ్చిన రోజున మామగారు, మా ఆయన, మేస్త్రీ పెరట్లో నిలబడి గొయ్యి ఎక్కడ తియ్యాలో తేల్చారు. వాస్తు చూశారు. పాత గోడ కలిసొస్తుందని చూశారు. బావికి ఎంత దూరమో మాత్రం చూడలేదు. పొయ్యి దగ్గరున్న నన్ను ఎవరూ పిలవలేదు. పిలిచినా ఆనాడు చెప్పగలిగేదాన్ని కాదేమో, నాకూ తెలియదు.

రెండో వానాకాలంలో తెల్లవారుజామున మొదటి చేద తోడితే మురుగు వాసన. అత్తగారితో చెప్పాను. "మీ పుట్టింటి నీళ్ళు కావుగా, అలవాటు పడాలి" అన్నారు. మా ఆయనతో చెప్పాను. బిందె మీద మొహం పెట్టి చూసి "నాకేం రావటం లేదే" అన్నారు. ఆయన లేచే వేళకు ఆ నీళ్ళు తోడి, వడగట్టి, బిందెల్లో నింపి రెండు గంటలయ్యేది. వాసన సగం గాలికి పోయేది. ఆ నెలలోనే మా చిన్నవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు సెలైన్ మీద వున్నాడు. డాక్టరు వేసిన మొదటి ప్రశ్న, "ఏం నీళ్ళు తాగిస్తున్నావమ్మా?" అని. అడిగింది నన్ను. గొయ్యి తవ్వించినవాళ్ళు వరండాలో కూర్చుని వున్నారు.

పిల్లవాడు ఇంటికొచ్చాక టేపు పెట్టి కొలిచాను. గోతికీ బావికీ మధ్య పద్దెనిమిది అడుగులు. ఇలాంటి గొయ్యి బావికి కనీసం 50 అడుగుల దూరంలో, పల్లం వైపున వుండాలని ప్రజారోగ్య పుస్తకాలన్నీ చెబుతాయి. డెల్టాలో లాగా నీరు పైపైనే వుండేచోట ఆ దూరం కూడా ఒక్కోసారి చాలదు.

వాసన ముందు తెలిసింది నాకు. జబ్బు వస్తే జవాబు చెప్పవలసి వచ్చింది నేను. ఈ రెండింటి మధ్య జరిగిన నిర్ణయంలో మాత్రం నాకు చోటు లేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. నీళ్ళ వాసన ఆడవాళ్ళ చాదస్తం కాదు, సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని ఎట్లా నిలబెట్టాలన్నదే మన ప్రశ్న.

ముందు వాసనల్ని విడదీసి గుర్తుపట్టటం నేర్చుకుందాం. అన్ని వాసనలూ ఒకటి కావు.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. భూమిలోని సల్ఫేటును గాలి ఆడనిచోట బతికే సూక్ష్మజీవులు ఈ వాయువుగా మారుస్తాయి. ఇది సహజంగానూ రావచ్చు, మురుగు చేరటం వల్లనూ రావచ్చు. పట్నాల్లో ఇంకో సంగతి వుంది. చన్నీళ్ళలో వాసన లేకుండా వేణ్ణీళ్ళలోనే వస్తుంటే తప్పు బావిది కాకపోవచ్చు, గీజరులో వుండే మెగ్నీషియం కడ్డీ వల్ల కావచ్చు. అందుకే చేదతో తోడిన నీళ్ళు, ట్యాంకు నీళ్ళు, గీజరు నీళ్ళు వేరువేరుగా వాసన చూడాలి.

బురద వాసన, తుప్పు వాసన వచ్చి, బిందె అడుగున ఎర్రటి జిగురు పడుతుంటే అది ఇనుమును ఆశ్రయించి బతికే బాక్టీరియా. దానంతటది పెద్దగా జబ్బు చేయదు కాని ఇతర క్రిములకు చోటిస్తుంది. బట్టలు పాడవుతాయి. పాచి వాసన, మట్టి వాసన వస్తే పైన మూతలేని బావిలో ఆకులు, నాచు, చచ్చిన కప్పలు వున్నాయేమో చూడాలి.

మురుగు వాసన వస్తే మరో ఆలోచన వద్దు. ఆ క్షణం నుంచీ కాచి చల్లార్చనిదే తాగకూడదు. నీళ్ళు వెచ్చబడితే చాలదు, తెర్లి మరగాలి.

కిరోసిను, డీజిలు, పెయింటు, పురుగుమందు వాసన వస్తే కాచినా లాభం లేదు. కాచటం క్రిముల్ని చంపుతుందిగాని రసాయనాల్ని తీసెయ్యదు, పైగా ఆవిరై వంటింట్లో చేరి మన ఊపిరితిత్తుల్లోకే వస్తాయి. ఆ నీళ్ళు తాగటానికి, వంటకు, స్నానానికి ఆపేసి వెంటనే అధికారులకు తెలియజెయ్యాలి.

మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది. పటికా అంతే. అవి మడ్డిని అడుగుకు దించుతాయి, నీళ్ళు తేటగా కనిపిస్తాయి. తేటగా వున్నంతమాత్రాన క్రిములు చచ్చినట్టు కాదు.

ఇక బ్లీచింగు సంగతి. పంచాయతీవాళ్ళు దోసిలితో చల్లిపోవటం మనం చూస్తూనే వున్నాం. దానికో లెక్క వుంది. మామూలు శుద్ధికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పొడి. రెండు మీటర్ల వెడల్పు బావిలో మూడు మీటర్ల నీళ్ళుంటే అవి సుమారు 9,400 లీటర్లు, అంటే దాదాపు 24 గ్రాములు. పొడిని బకెట్‌లో కొద్ది నీళ్ళతో ముద్ద చేసి, ఇంకొన్ని నీళ్ళు పోసి కలిపి, సున్నం అడుగుకు దిగనిచ్చి, పైతేటను వేరే బకెట్‌లోకి వంచి, ఆ బకెట్‌ను బావి నీళ్ళలోకి దించి బాగా కదపాలి. రాత్రిపూట వేసి పొద్దున తోడుకోవటం మంచిది. పాత పొడి, తేమ తగిలిన పొడి పనిచెయ్యవు. మురుగు చేరి చెడిన బావికి ఈ మోతాదు చాలదు, ఆరోగ్య సిబ్బందిని పిలిపించి చేయించాలి. అసలు గొయ్యి అక్కడే వుంటే ఎన్నిసార్లు వేసినా వాసన మళ్ళీ వస్తుంది. మా ఇంట్లో రెండుసార్లు వేశాం. రెండుసార్లూ మళ్ళీ వచ్చింది. గొయ్యి పూడ్చి దూరంగా తవ్వాకే పోయింది.

ఒక హెచ్చరిక. వాసనొస్తోందని బావి పూడిక తీయటానికి మనిషిని దింపుతారు. ఎవర్ని దింపుతారు? ఎక్కువచోట్ల దళితవాడ నుంచి కూలికి వచ్చినవాణ్ణి. బావిలో హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువై అడుగున నిలుస్తుంది. కొంచెం వున్నప్పుడు కంపు కొడుతుంది. ఎక్కువైనప్పుడు ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోయిందని లోపలివాడు అనుకునేసరికి స్పృహ తప్పుతుంది. పైనుంచి దీపం దించి చూడటం ఈ వాయువు సంగతి చెప్పదు. ఒకరు పడిపోతే కాపాడటానికి దూకిన రెండోవాళ్ళూ చనిపోయిన సంఘటనలు మళ్ళీ మళ్ళీ జరుగుతూనే వున్నాయి. మన ఇంటి నీళ్ళ కోసం ఇంకొక స్త్రీ మొగుణ్ణి గోతిలోకి దింపే హక్కు మనకు లేదు. నీళ్ళు మోటారుతో తోడించవచ్చు. మనిషి దిగక తప్పదంటే గాలి పరీక్ష, తాడు, రక్షణ సామగ్రి, అగ్నిమాపక సిబ్బంది సలహా లేకుండా దింపనివ్వకండి.

నీటికీ కులానికీ వున్న ముడి మనకు తెలియనిది కాదు. 1985 జూలైలో కారంచేడులో మాదిగపల్లె వాళ్ళు తాగే నీళ్ళను మురికి చెయ్యవద్దని అడ్డుపడి బిందె ఎత్తింది సువార్త అనే దళిత స్త్రీ. దాని తర్వాత ఆరుగురు దళితుల్ని చంపారు. మంచినీళ్ళు మంచిగా వుండాలని అడగటం ఎంత పెద్ద మాటో ఆమెకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు హక్కుల దగ్గరికి వద్దాం. ఇంటి బావి ఇంటివాళ్ళ సొంతమని, అందులో నీళ్ళు చెడితే అది వాళ్ళ గొడవేనని అధికారులంటారు. మొగుడు కొడితే ఇంటి గొడవ అన్నట్టే ఇదీ. నేలకింది నీటికి ప్రహరీగోడలు లేవు. పక్కింటి గొయ్యి, పైవీధి మురుగుకాలువ, ఊరవతలి కర్మాగారం అన్నీ మన చేదలోకే వస్తాయి. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ళ బావులకు ఆ గతి పట్టించింది ఇంటివాళ్ళు కాదు, నక్కవాగులోకి వదిలిన పరిశ్రమల వ్యర్థాలు. ఆ కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రీ గ్రామంలో రసాయన ఫ్యాక్టరీల వల్ల బావులు చెడితే, కలుషితం చేసినవాళ్ళే మూల్యం చెల్లించాలని 1996 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాలుష్యంలేని నీరు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 1991లోనే సుభాష్ కుమార్ కేసులో అన్నది. మన రెండు రాష్ట్రాల్లోనూ వున్న 2002 నాటి వాల్టా చట్టం భూగర్భజలాన్ని కలుషితం చెయ్యటాన్ని నిషేధించింది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణంలో వాసన అభ్యంతరం లేనిదిగా వుండాలన్నది కూడా ఒక నిబంధనే. అంటే "వాసనొస్తోంది" అన్న మన మాటకు ప్రమాణపత్రంలోనే చోటుంది.

మరి ఏం చేద్దాం?

ఒకటి, రాసిపెట్టండి. ఏ తేదీన, ఏ వేళ, ఏ వాసన, వాన తర్వాతా, వేసవిలోనా, చేదలోనా, కుళాయిలోనా? ఇరుగుపొరుగు పది ఇళ్ళ ఆడవాళ్ళు ఒకే నోటుబుక్కులో రాస్తే అది చాదస్తం అనిపించుకోదు. వాసన ఏ వీధి నుంచి మొదలైందో అందులోనే తేలుతుంది.

రెండు, పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో ఇంటి నీళ్ళు కూడా పరీక్షించమని అడగవచ్చు. క్రిముల పరీక్షకు వాళ్ళిచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, ఆరు గంటల్లోపు, వీలుకాకపోతే ఐసులో పెట్టి 24 గంటల్లోపు చేర్చండి. నీళ్ళు పోస్తే నల్లబడే చిన్న సీసా పరీక్ష మంచిదే, కాని కోడిగుడ్డు వాసన ముందే వున్న నీళ్ళలో అది పొరపాటు చూపవచ్చు. అప్పుడు ఇ.కోలి పరీక్ష కావాలని పట్టుబట్టండి. వాసన లేనంతమాత్రాన నిశ్చింతగానూ వుండవద్దు. నల్లగొండ పల్లెల నడుములు వంచిన ఫ్లోరైడుకు ఏ వాసనా లేదు.

మూడు, 2019లో మొదలైన జలజీవన్ మిషన్ ప్రతి ఊళ్ళో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్నది. మీ ఊళ్ళో ఆ ఐదుగురూ ఎవరు? కిట్టు ఎవరి బీరువాలో వుంది? పరీక్ష చేసే పని ఆడవాళ్ళకిచ్చి, ఫలితం చూసి నిర్ణయించే కుర్చీలో మగవాళ్ళే కూర్చుంటే నా పెరట్లో జరిగిందే ఊరంతా జరుగుతుంది. ఫలితాన్ని గ్రామసభలో చదివించండి. కదలకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఫ్యాక్టరీ సంగతైతే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి.

నాలుగు, మరుగుదొడ్డి కట్టేటప్పుడు గొయ్యికి ముగ్గు పోసే చోట మనం నిలబడాలి. టేపు మన చేతిలో వుండాలి.

మా అత్తగారిని నేను తప్పుపట్టను. ఆవిడ కూడా కాపురానికొచ్చిన కొత్తలో ఏదో చెప్పే వుంటుంది, అలవాటు పడాలని ఆవిడకూ ఎవరో చెప్పి వుంటారు. గొయ్యి మార్చాక ఒక పొద్దున ఆవిడే చేద తోడి, దోసిట్లో పట్టి వాసన చూసి, "ఇప్పుడు బాగున్నాయే" అన్నారు. అంటే అంతకుముందు బాగాలేవని ఆవిడకూ తెలుసన్నమాట. తెలిసీ చెప్పుకోలేనివి మనకు ఎన్ని వున్నాయో, వాటిలో ఒకటైనా ఈసారి ఊరికెళ్ళాక నోటుబుక్కులోకి ఎక్కించండి. వచ్చే తరగతికి ఆ పుస్తకాలు పట్టుకురండి. అక్కడినుంచి మొదలుపెడదాం.

సెలవు.