రోహిణి ఎండలు – కారు టైర్లు

చలిదేశాలలో కారు ఉన్న ఇంట శరదృతువు ముగిసేనాటికి తప్పక జరిగే పని ఒకటి ఉన్నది. వేసవిలో నడచిన నాలుగు టైర్లనూ విప్పి భద్రపరచి, వాటి స్థానంలో చలికాలపు టైర్లు బిగిస్తారు. కెనడా దేశంలోని క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1వ తేదీ మొదలు మార్చి 15వ తేదీ వరకు ఈ టైర్లు లేని కారు రోడ్డెక్కరాదని శాసనమే ఉన్నది. జర్మనీ దేశంలో మంచు పేరుకొన్న రోడ్లపై నడిచే కార్లకు 2010వ సంవత్సరం నుండి ఇటువంటి నిబంధన అమలులో ఉన్నది. గోదావరిఖని, రామగుండం కాలనీల నుండి చదువులకో ఉద్యోగాలకో ఆ దేశాలకు వెళ్ళిన పిల్లలు నవంబరు మాసంలో ఫోను చేసి, "టైర్లు మార్పించాము" అని చెప్పడం ఇక్కడి తల్లిదండ్రులు కొందరు వినే ఉంటారు. విన్నవారికి సహజంగానే ఒక సందేహం కలుగుతుంది. మన వాకిట్లో ఉన్న చిన్న కారుకు అటువంటివి అక్కరలేదా?

అక్కరలేదు. కాని ఎందుకు అక్కరలేదో తెలుసుకుంటే, మనకు అక్కరైనది ఏమిటో కూడా తెలుస్తుంది.

టైరు ముఖ్యంగా రెండు వస్తువులపై ఆధారపడి పనిచేస్తుంది. ఒకటి రబ్బరు, రెండవది గాలి. ముడి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసై ఎందుకూ కొరగాకుండా పోయేది. 1839లో అమెరికా దేశస్థుడు చార్లెస్ గుడ్‌ఇయర్ దానిని గంధకంతో కలిపి కాచే పద్ధతి కనుగొన్న తరువాతనే అది మనుష్యుల అవసరాలకు లొంగినది. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రాల సైకిలుకు గాలి నింపిన రబ్బరు గొట్టం తొడిగి, నేటి టైరుకు దారి తీశాడు. నాటికీ నేటికీ రబ్బరు స్వభావం పూర్తిగా మారలేదు. చలి సుమారు 7 డిగ్రీలకు దిగితే సామాన్యమైన టైరు బిరుసెక్కి రోడ్డును పట్టుకోలేదు. చలికాలపు టైరును మెత్తని రబ్బరుతో చేసి, మంచును కరచిపట్టేందుకు దాని ముఖంపై సన్నని కోతలు అనేకం పెడతారు.

రామగుండంలో జనవరి తెల్లవారుజామున చలిమంటలు వేసుకొనే మాట నిజమే. అయినా పొద్దెక్కేసరికి ఎండ కాస్తుంది. ఇటువంటి చోట చలికాలపు టైరు బిగించడం రోహిణి కార్తెలో కంబళి కప్పుకోవడం వంటిది. ఆ మెత్తని రబ్బరు మన తారురోడ్డుపై త్వరగా అరిగిపోతుంది. బ్రేకు వేసినప్పుడు కారు ఆగవలసిన చోటును దాటి పోతుంది. కనుక మన టైరుకు పరీక్షాకాలం చలికాలం కాదు. మనకు అటువంటి కాలాలు రెండు ఉన్నవి: ఒకటి రోహిణి కార్తె, రెండవది దాని వెన్నంటి వచ్చే మృగశిర.

రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దల సామెత. రోళ్ళే పగిలే ఎండలో రబ్బరు మాట చెప్పనేల? తెలంగాణలో మిక్కిలి ఎండ కాసే ఊళ్ళలో రామగుండం ఒకటి. మే మాసంలో ఇక్కడ 45 డిగ్రీలు దాటిన దినాలు ఉన్నవి. అది నీడలో కొలిచిన వేడి. మధ్యాహ్నం తారురోడ్డు ముఖం 60 డిగ్రీలను కూడ మించగలదు. ఆ రోడ్డుపై ఇంటిల్లిపాదినీ, పెట్టెలనూ ఎక్కించుకొని రాజీవ్ రహదారి మీదుగా రెండు వందల కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదుకు పరుగెత్తే చిన్న కారును తలచుకోండి. అంతమంది ప్రాణాలను మోసేది నాలుగు అరచేతులంత మేర నేలను తాకే రబ్బరు మాత్రమే.

ఇక్కడనే ఒక ప్రమాదకరమైన నమ్మకం గూర్చి చెప్పవలసి ఉన్నది. "ఎండలకు గాలి ఉబ్బి టైరు పగులుతుంది; కనుక నాలుగైదు పాయింట్లు తగ్గించి కొట్టించాలి" అని పలువురు అంటారు. వినడానికి సబబుగా తోచే ఈ మాట వాస్తవానికి తలకిందులైనది. ఎండలలో టైర్లు పగలడానికి ముఖ్యమైన కారణాలలో ఒకటి గాలి ఎక్కువ కావడం కాదు, తక్కువ కావడం.

ఎట్లాగో చూద్దాము. గాలి తక్కువైన టైరు బరువుకు చప్పబడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ దాని పక్కగోడ వంగి, మరల నిలుచుంటుంది. వేగంగా పోయే కారులో ఇది నిమిషానికి వందలసార్లు జరుగుతుంది. ఒక ఇనుపతీగను అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి. వంపు దగ్గర వేలు పెట్టలేనంత వేడి పుడుతుంది. టైరులోనూ అదే జరుగుతుంది. రోడ్డు వేడికి ఈ లోపలి వేడి తోడై, రబ్బరుకు బలమిచ్చే లోపలి పొరలు ఒకదానినుండి ఒకటి విడిపోతాయి. ఆ తరువాత పగలడానికి రాయి అక్కరలేదు, గుంట అక్కరలేదు.

మరి వేడికి లోపలి ఒత్తిడి పెరగదా అంటే, పెరుగుతుంది. గాలి మిషను వద్ద పాయింటు అని మనం వ్యవహరించేది చదరపు అంగుళానికి ఒక పౌను ఒత్తిడి. ఐదారు డిగ్రీల వేడి పెరిగితే సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. తెల్లవారుజామున 30 పాయింట్లు ఉన్న టైరు, దూరం నడచి మరొక ముప్పై డిగ్రీలు వేడెక్కితే 34, 35 చూపుతుంది. టైరు తయారు చేసేవారు ఈ పెరుగుదలను ముందే లెక్కలోనికి తీసుకొన్నారు. వేడి టైరులో ఈ నాలుగైదు పాయింట్లను చూచి గాలి వదలిపెట్టినవారి టైరులో మరునాటి ఉదయం 25 మాత్రమే మిగులుతుంది. కనుక గాలి చూపించవలసినది కారు ఇంకా నడవక మునుపు, ఉదయపు చల్లదనంలో. ఎంత ఉండవలెనో డ్రైవరు తలుపు అంచున అంటించిన పట్టికలో వ్రాసి ఉంటుంది. నిండు బరువుతో ప్రయాణించేటప్పుడు కొన్ని కార్ల వెనుక చక్రాలకు ఎక్కువ గాలి కావలెనని కూడ అందులోనే ఉంటుంది. టైరు పక్కగోడపై అచ్చువేసిన పెద్ద అంకెను చూచి అంత గాలి కొట్టించకూడదు. అది ఆ టైరు భరించగల గరిష్ఠ పరిమితి మాత్రమే.

వేడికీ బరువుకూ ఉన్న ఈ సంబంధం బొగ్గుగనుల ప్రాంతంవారికి కొత్త కాదు. ఉపరితల గనులలో తిరిగే డంపర్ల టైర్లు మనిషి ఎత్తును మించి ఉంటాయి. అంతటి టైరుకు కూడ ఎంత బరువుతో, ఎంత వేగంతో నడవవచ్చునో తెలిపే టన్ను కిలోమీటరు గంట అనే లెక్క ఒకటి ఉన్నది. ఆ లెక్క మితిమీరితే టైరు లోపల వేడి మితిమీరినట్లే. వంద టన్నుల బండికి అవసరమైన ఆ జాగ్రత్త మన చిన్న కారుకు అక్కరలేదని ఎట్లా అనగలము?

రెండవ సంగతి టైరు వయస్సు. మన కాలనీలలో కారుకు విశ్రాంతి ఎక్కువ. మొదటి షిఫ్టు మస్టరుకు పోయేవారు మోటారు సైకిలుపైనే పోతారు. కారు కదిలేది పండుగకో, పెళ్ళికో, కాళేశ్వరం వేములవాడ యాత్రలకో, అత్యవసరంగా కరీంనగరం ఆసుపత్రికో. మిగిలిన దినాలు క్వార్టరు ముందు ఎండలో నిలిచి ఉంటుంది. ఐదారు సంవత్సరాలకు కూడ ఆ టైర్ల గాడులు లోతుగా, కొత్తవాటివలెనే కనిపిస్తాయి. కాని అరగని టైరు బలమైన టైరు అని అనుకోరాదు. ఎండా గాలీ తగిలి రబ్బరు లోలోపల ఎండిపోతుంది. పక్కగోడపై వెంట్రుకవాసి పగుళ్ళు కనిపించడం దాని వార్ధక్యానికి గుర్తు.

వయస్సు తెలుసుకొనడం సులభం. పక్కగోడపై కోడిగ్రుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే అది 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. ఐదు సంవత్సరాలు నిండిన టైరును ఏటేటా తెలిసినవారిచేత పరీక్ష చేయించవలెను. పది సంవత్సరాలు నిండినదానిని, ఎంత బాగున్నట్లు కనిపించినా, తీసివేయవలసినదే. కొత్త టైరు కొనేటప్పుడు కూడ ఈ అంకెలను చూడకుండా సొమ్ము చెల్లించకూడదు. దుకాణంలో ఏండ్ల తరబడి నిలువ ఉన్నది కొత్తదనిపించుకోదు. పాత టైరుకు గాడులు మరల కోసి, నల్లరంగు పూసి చవకగా అమ్మేవారి మాట వినకూడదు. గాడి కోసినకొద్దీ రోడ్డుకూ పొరలకూ మధ్యనున్న రబ్బరు పలుచబడుతుంది.

ఇక కొలత. ఒక చిన్న కారు టైరుపై 145/80 ఆర్ 12 74 టి అని ఉన్నదనుకొందాము. 145 దాని వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో నూటికి ఎనుబది వంతులు దాని ఎత్తు. ఆర్ అనగా రేడియల్ నిర్మాణం. 12 లోపలి చక్రపు అంగుళాలు. 74 అనే సంకేతానికి ఒక్కొక్క టైరు 375 కిలోగ్రాముల బరువు మోయగలదని అర్థం. టి అనేది గంటకు 190 కిలోమీటర్ల వేగపు హద్దు. ఈ బరువు సంకేతాన్నీ వేగ సంకేతాన్నీ ఎట్టి పరిస్థితులలోనూ తగ్గించరాదు. అందంకోసం వెడల్పైన టైర్లు వేయించడం కూడ మంచిది కాదు. అవి మలుపులో మడ్‌గార్డుకు రాసుకొనవచ్చును. టైరుపై ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో చూచుకొనవలెను.

బిగింపులో శ్రద్ధ వహించవలసినవి కొన్ని ఉన్నవి. నాలుగూ మార్చే స్తోమతు లేక రెండే కొన్నప్పుడు, కొత్తవి వెనుక చక్రాలకు వేయవలెను. స్టీరింగు ముందు ఉన్నది గనుక కొత్తవి ముందే ఉండాలని పలువురు భావిస్తారు. కాని తడిరోడ్డుపై వెనుక చక్రాలు పట్టు తప్పితే కారు బొంగరంవలె తిరుగుతుంది. దానిని నిలువరించడం నేర్పరికి కూడ కష్టం. టైరుతోపాటు వాల్వును కూడ కొత్తది వేయించవలెను. నట్లను వరుసగా కాక, ఒకదాని తరువాత దాని ఎదుటిదానిని బిగించవలెను. నూరు కిలోమీటర్లు నడచిన తరువాత మరల ఒకసారి సరిచూడవలెను. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు చేయించనిచో కొత్త టైరు ఒక పక్కనే అరిగిపోతుంది. వాల్వుకు మూత విధిగా ఉండవలెను. బొగ్గుధూళి ఎగిరే చోట మూతలేని వాల్వులో దుమ్ము చేరి గాలి మెల్లమెల్లగా జారిపోతుంది.

ఆ బొగ్గుధూళికి మృగశిర కార్తెలో మరొక గుణం వస్తుంది. లారీలనుండి రాలి వేసవి అంతా రోడ్డుపై పేరుకొన్న పొడి, చమురు మరకలతో కలిసి, తొలకరి చినుకులకు జారుడు పేస్టువలె అవుతుంది. పెద్దవాన కడిగివేసే వరకు మొదటి గంట మిక్కిలి అపాయకరం. వాన బలిసిన తరువాత నీటిని పక్కలకు నెట్టే పని టైరు గాడులది. గాడి అడుగున అక్కడక్కడ ఉబ్బెత్తు గుర్తులు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమమైతే 1.6 మిల్లీమీటర్ల లోతే మిగిలినదని అర్థం. ఆ టైరు ఇక పనికిరాదు. మన వానలకు 3 మిల్లీమీటర్లు మిగిలి ఉండగానే మార్చుకొనడం వివేకం.

డిక్కీలోని ఐదవ చక్రాన్ని కూడ మరువరాదు. 1904లో వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి నుండి అదనపు చక్రాలు తయారై ప్రపంచమంతా వ్యాపించినవి. ఆ వీధి పేరే మన మెకానిక్కుల నోట నేటికీ స్టెప్నీగా నిలిచినది. ఏడాదికొకసారైనా గాలి చూడని స్టెప్నీ అవసరానికి అక్కరకు రాదు. ప్రయాణంలో టైరు పగిలితే వెంటనే బ్రేకు తొక్కకూడదు. స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకొని, కారును తిన్నగా పోనిచ్చి, వేగం తనంతట తగ్గిన తరువాతనే పక్కకు తీయవలెను.

భూగర్భ గనిలో కార్మికులు పని ఆరంభించక మునుపు మైనింగు సర్దారు పైకప్పును కడ్డీతో తట్టి, చప్పుడు విని, లోటు లేదని నిశ్చయించుకొంటాడు. నిన్న బాగున్న కప్పు నేడు కూడ బాగుండవలెననే నియమం లేదని ఆయనకు తెలుసు. ఉగాది వెళ్ళిన తరువాత ఒకసారి, మృగశిరకు ముందు ఒకసారి, దూరప్రయాణం ఉన్న ప్రతి ఉదయం ఒకసారి, కారు యజమాని తన ఐదు టైర్ల విషయంలో ఆ సర్దారు కావలెను. చేతితో పక్కగోడ తడిమి ఉబ్బులు, పగుళ్ళు చూచి, గాలి కొలిపించుకొనడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు తెల్లవారకముందే వెచ్చించి, ఎండ ముదరకమునుపే బయలుదేరినవారి ప్రయాణం సుఖప్రదమవుతుంది.