అప్పులేని క్రిస్మస్


1876-78 నాటి ధాత కరువును చూచిన సీమ మనది. అప్పు అనగా మనకు భయమే. అయినను క్రిస్మస్ రాగానే ఆ భయము మరచెదము.

వేరుశనగ ఎండిన ఒక యేడు, పిల్లల కొత్త బట్టలకు నేను వడ్డీకి తెచ్చితిని. పండుగ ఒక్కదినము, బాకీ తీర్చుటకు పాడిగేదెను అమ్మితిని. మరుసటి యేడు నా భార్య దినమునకు పిడికెడు కొర్రలు దాచినది. పిల్లలు వెదురుబద్దలతో నక్షత్రము కట్టిరి. ఉతికిన బట్టలతోనే ఆరాధనకు వచ్చితిమి. కొర్రల పాయసము పొరుగింటి అవ్వతో కలిసి తింటిమి.

బాలయేసు పుట్టిన తరువాత మరియ యోసేపులు అర్పించినది గొఱ్ఱెపిల్లను కాదు, బీదలు అర్పించు జత పక్షులను (లూకా 2:24, లేవీ 12:8). వారి అర్పణ చాలినది. మనకు ఉన్నదియు చాలును.