ఎలా తెలిసింది?



మాస్టారి పేరు మీద జరిగే ఈ స్మారకోపన్యాసానికి రమ్మని కబురు అందగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆయన గొంతు. సాంఘికశాస్త్రం పీరియడ్‌లో ఎవరు ఏ సంగతి చెప్పినా ఆయన ఒకటే అడిగేవారు: "ఎలా తెలిసిందిరా?" పేపర్లో చదివామంటే, మరి ఆ పేపరువాళ్లకి ఎలా తెలిసిందనేవారు. జవాబు దొరికేదాకా కూర్చోనిచ్చేవారు కాదు. ఇవాళ నేను చెప్పబోయే చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగింది. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ జరిగిన హ్యాకింగ్, దాని వల్ల అమెరికాకీ రష్యాకీ మధ్య రాజుకున్న వైరం నా విషయం.

వాషింగ్టన్‌లో డెమోక్రటిక్ పార్టీ జాతీయ కమిటీ కార్యాలయంలో పాత ఫైళ్ల బీరువా ఒకటుంది. 1972లో, ఆ కార్యాలయం వాటర్‌గేట్ భవనంలో ఉన్నప్పుడు, దొంగలు తెరిచిన బీరువా అది. 2016 చివర్లో న్యూయార్క్ టైమ్స్ ఒక ఫోటో వేసింది. ఆ బీరువా పక్కనే, హ్యాకర్ల పాలబడిన కంప్యూటర్ సర్వరు. వాటర్‌గేట్‌లో తలుపు గడియకి అంటించిన టేపు రాత్రి కాపలాదారు కంటబడింది. పోలీసులొచ్చి ఐదుగురిని పట్టుకున్నారు. సర్వరు విషయంలో కంటికి కనబడే టేపు ఏదీ లేదు.

2015 సెప్టెంబరులోనే ఎఫ్‌బీఐ ఏజెంటు ఒకాయన ఆ కార్యాలయానికి ఫోన్ చేసి, మీ నెట్‌వర్కులో రష్యన్లు జొరబడ్డారని చెప్పాడు. ఫోనెత్తిన కంప్యూటరు ఉద్యోగికి, మాట్లాడుతున్నది నిజంగా ఎఫ్‌బీఐ మనిషేనా అన్న అనుమానం తీరలేదు. అలా నెలలు గడిచిపోయాయి. 2016 మార్చి 19న హిల్లరీ క్లింటన్ ప్రచారసారథి జాన్ పొడెస్టాకి గూగుల్ పంపినట్టు ఒక మెయిల్ వచ్చింది, వెంటనే పాస్‌వర్డు మార్చుకోమని. దాన్ని పరిశీలించిన సహాయకుడు "ఇది అసలైనదే" అని జవాబు రాశాడు. "అసలైనది కాదు" అని రాయబోయి తప్పు రాశానని తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఖాతా నుంచి 50 వేలకు పైగా మెయిళ్లు తరలిపోయాయి. ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది.

జూన్ 14న వాషింగ్టన్ పోస్ట్ పార్టీ కార్యాలయంలో చొరబాటు సంగతి బయటపెట్టింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ, ఇందులో రెండు రష్యన్ బృందాలున్నాయని తేల్చింది. మర్నాడే "గుచ్చిఫర్ 2.0" పేరుతో ఒకడు ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమై, ఇదంతా నా ఒక్కడి పనేనన్నాడు. తాను రొమేనియా వాణ్ణన్నాడు. ఒక విలేఖరి రొమేనియన్‌లో ప్రశ్నలు వేస్తే ఆ భాష సరిగ్గా పలకలేదు. అతను బయటపెట్టిన ఒక పత్రాన్ని చివరిసారి మార్చినవారి పేరు రష్యన్ లిపిలో కనబడింది: ఫెలిక్స్ ఎడ్ముండొవిచ్. సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థకి ఆద్యుడు జెర్జిన్‌స్కీ పేరు అది. జులై 22న, ఫిలడెల్ఫియాలో పార్టీ మహాసభ ఇంకా మూడు రోజులుందనగా, రహస్యపత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సైటు ఆ పార్టీ కమిటీ మెయిళ్లు దాదాపు 20 వేలు ప్రచురించింది. పార్టీ అధ్యక్షురాలు పదవి వదులుకోవాల్సి వచ్చింది.

సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జి-20 సమావేశం జరిగింది. అక్కడ అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా రష్యా అధ్యక్షుడు పుతిన్‌ని పక్కకి పిలిచి, ఇక ఆపమని ముఖం మీదే చెప్పాడు. అక్టోబరు 7న అమెరికా ప్రభుత్వం బహిరంగంగా రష్యా పేరెత్తింది. రష్యా ప్రభుత్వమే చేయించిందని నమ్ముతున్నామంది. ఎలా తెలిసిందో చెప్పలేదు. అదే రోజు, క్లింటన్ ప్రత్యర్థి ట్రంప్ అసభ్యంగా మాట్లాడిన పాత వీడియో బయటికొచ్చింది. గంట తిరక్కుండా పొడెస్టా మెయిళ్లూ వచ్చిపడ్డాయి. ఆ హోరులో ప్రభుత్వ ప్రకటనని పట్టించుకున్నవారు తక్కువ.

ఎలా తెలిసిందో ఎందుకు చెప్పలేదు? గూఢచర్యంలో ఆధారం చూపించడమంటే ఆ ఆధారాన్ని పోగొట్టుకోవడమే. 2018 జనవరిలో డచ్ మీడియాలో ఒక కథనం వచ్చింది. డచ్ గూఢచారులు ఆ రెండు బృందాల్లో ఒకదాని నెట్‌వర్కులోకి ముందే దూరారట. ఆ బృందం పనిచేసే భవనంలో వరండా కెమెరాని కూడా చేజిక్కించుకుని, వచ్చేపోయేవారి ముఖాలు చూశారట. అలాంటి కన్ను ఉందని ఎవరు బయటికి చెబుతారు? చెప్పిన మర్నాటికి ఆ కెమెరా ఉండదు. చెప్పకపోతే జనం నమ్మరు. అమెరికా ఈ ఇరకాటంలో పడింది. రష్యాకి "రుజువేదీ?" అన్న ఒక్క మాట సరిపోయింది.

ఈ తగువు ఏ దారిన నడిచిందో కూడా చెప్పాలి. 1962 క్యూబా క్షిపణుల సంక్షోభం తర్వాత, 1963లో వాషింగ్టన్, మాస్కోల మధ్య హాట్‌లైన్ వేశారు. సినిమాల్లో ఎర్ర టెలిఫోను చూపిస్తారు గాని, అప్పట్లో అది టెలిప్రింటరు. పొరపాటున అణుయుద్ధం రాకుండా కబురు పంపుకునేందుకు 1987లో మరో దారి ఏర్పాటుచేసుకున్నారు. 2013లో సైబర్ ఫిర్యాదులకీ దాన్నే వాడుకుందామని ఒప్పుకున్నారు. 2016 అక్టోబరు 31న ఎన్నికల జోలికి రావద్దన్న హెచ్చరిక ఆ దారినే మాస్కోకి వెళ్లింది. అణుబాంబుల కోసం వేసిన దారిలో ఈమెయిళ్ల తగువు నడవడం నన్ను కలవరపెడుతుంది.

మాస్టారుంటే ఈపాటికి నన్ను ఆపేవారు. అమెరికా ఎవరి ఎన్నికల్లోనూ వేలుపెట్టలేదా అని అడిగేవారు. పెట్టింది. 1948 ఇటలీ ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలవకుండా సీఐఏ డబ్బు కుమ్మరించింది. డొవ్ లెవిన్ అనే పరిశోధకుడు 1946 నుంచి 2000 దాకా లెక్కతీస్తే, ఈ రెండు దేశాలూ పరాయి ఎన్నికల్లో జోక్యం చేసుకున్న సందర్భాలు 117 తేలాయి. వాటిలో 81 అమెరికావి. 2011 డిసెంబరులో రష్యాలో నిరసనలు చెలరేగినప్పుడు, వాటికి సంకేతమిచ్చింది హిల్లరీ క్లింటనేనని పుతిన్ బహిరంగంగా ఆరోపించాడు. 2016 ఆ కోపంలోంచి కూడా వచ్చింది. అయినా, ఒకరు చేసిన పాపం రెండోవారికి పుణ్యమైపోదు. ఈ మాట నేను గట్టిగా నమ్మి అంటున్నాను.

2016 డిసెంబరు 29న ఒబామా 35 మంది రష్యన్ దౌత్యాధికారులను 72 గంటల్లో దేశం విడిచిపొమ్మన్నాడు. 1961 వియన్నా ఒప్పందం 9వ అధికరణం ప్రకారం, పొమ్మనడానికి కారణం చెప్పనక్కర్లేదు. ఎలా తెలిసిందని అడిగే వీలులేని శిక్ష అది. పుతిన్ ఎవరినీ వెళ్లగొట్టలేదు. పైగా మాస్కోలోని అమెరికన్ అధికారుల పిల్లలను క్రెమ్లిన్‌లో పండగకి పిలిచాడు. కొత్తగా ఎన్నికైన ట్రంప్ మీద ఆశ కాబోలు. 2017 జులైలో అమెరికా కాంగ్రెస్ ఆంక్షల చట్టం తెచ్చింది. సెనేట్‌లో 98 మంది అవునన్నారు, ఇద్దరే కాదన్నారు. దాంతో ఆ ఆశ ఆవిరైపోయింది. రష్యాలోని తన సిబ్బందిని 755 మంది మేర తగ్గించుకోవాలని అమెరికాకి ఆదేశం వచ్చింది. మిగలనిచ్చింది 455. బదులుగా అమెరికా శాన్‌ఫ్రాన్సిస్కోలో రష్యా కాన్సులేట్‌ని మూయించింది. సిబ్బంది చాలక అమెరికా తన కాన్సులేట్లలో సాధారణ వీసాలు ఆపేసి, మాస్కోలో మాత్రమే ఇచ్చింది. అంటే వ్లాదివొస్తోక్ వాసి కూడా ఇంటర్వ్యూ కోసం దేశమంతా దాటి రావాల్సొచ్చింది. ఆ ఎదురుచూపులేమిటో మన తెలుగు ఇళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. ఆ చట్టం నీడ మన దేశం మీదా పడింది. 2018 అక్టోబరులో భారత్ రష్యాతో ఎస్-400 క్షిపణుల ఒప్పందం చేసుకున్నప్పుడు, ఆ ఆంక్షల మాటే ముందుకొచ్చింది. మన మీద అవి పడలేదు. అవే క్షిపణులు కొన్న టర్కీ మీద పడ్డాయి.

ఎలా తెలిసిందన్న ప్రశ్నకి చివరికి జవాబు 2018 జులై 13న వచ్చింది. స్పెషల్ కౌన్సెల్ రాబర్ట్ ముల్లర్ 29 పేజీల అభియోగపత్రం దాఖలు చేశాడు. అందులో రష్యా సైనిక గూఢచార సంస్థ జీఆర్‌యూ అధికారులు 12 మంది పేర్లున్నాయి, వారి దళాల నంబర్లున్నాయి. గడియారమూ ఉంది. 2016 జూన్ 15న, మాస్కో టైము సాయంత్రం 4:19 నుంచి 4:56 దాకా, 74455 దళం నడిపే సర్వరు నుంచి ఎవరో కొన్ని ఇంగ్లీషు మాటల కోసం వెతికారు. రాత్రి 7:02కి గుచ్చిఫర్ 2.0 తొలి ప్రకటన వెలువడింది. అందులో ఆ మాటలే ఉన్నాయి.

మూడు రోజుల తర్వాత హెల్సింకీలో ట్రంప్, పుతిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇది రష్యా పని అవడానికి కారణమేమీ కనిపించడం లేదన్నాడు ట్రంప్. మర్నాడు, "కాకపోవడానికి" అనబోయి అలా అన్నానని సర్దుకున్నాడు. మొదట్లో ఒక సహాయకుడి జవాబులో జారిపోయిన "కాదు", ఇక్కడ ఒక దేశాధ్యక్షుడి నోట మళ్లీ జారింది.

రష్యా రాజ్యాంగం తన పౌరులను పరాయి దేశానికి అప్పగించనివ్వదు. ఆ 12 మందీ ఏ అమెరికన్ కోర్టు మెట్లూ ఎక్కలేదు. ఆ 29 పేజీలను ఎదురుగా నిలబడి ప్రశ్నించినవారూ లేరు. నేను వాటిని అచ్చు తీసుకుని ఈ సభకి తెచ్చాను. ఇది పోలీసు వాదన మాత్రమేరా, అవతలి వాదన ఏది అని మాస్టారు తప్పక అడిగేవారు. అడిగి, కళ్లజోడు సవరించుకుని, 4:19 దగ్గర పెన్సిలుతో గీత గీసి, ఈ నిమిషం వీళ్లకి ఎలా తెలిసిందో కనుక్కురమ్మని నన్ను పంపేవారు.