మన వాడకొక మల్లఖంబశాల



సంఘభవనము వెనుకనున్న ఖాళీస్థలములో మల్లఖంబశాల కట్టవలెనని మా మనవి. టేకు స్తంభమునకు ఆముదము పట్టించి, దానిపై పిల్లలు ఆసనములు వేయుదురు. వ్రేలాడు నూలుత్రాటిపైనను అట్లే చేయుదురు. పీష్వా రెండవ బాజీరావు కాలమున బాళంభట్ట దేవధర్ పునరుద్ధరించిన విద్య యిది.

ఆడపిల్లలకు త్రాడెందుకని కొందరు పెద్దలు అడిగినారు. 2019లో ముంబయి శివాజీ పార్కున జరిగిన ప్రథమ ప్రపంచ పోటీలలో స్త్రీలును పాల్గొనిరి. మన పిల్లలు మాత్రము గడప దాటరాదా?

నేర్పువారు పొరుగు మరాఠీ గురువులే. కనుక వారి బిడ్డలకును తలుపు తెరచి యుండవలెను. రుసుము చెల్లించలేని బిడ్డను వెనుకకు పంపరాదు.

తరతరములుగా ఈ గడ్డ ఉప్పు తిన్నాము. ఈ గడ్డ విద్యయు నేర్చుకొందము. స్తంభము, త్రాడు, పరుపులకై చందా పుస్తకము ఈ ఉగాదినాడే తెరచుచున్నాము.