శౌర్యము, ప్రజానాయకత్వము



ఒకవంక గోల్కొండ దుర్గమును దాని చెంతనే ఫిరంగిదళ శిక్షణకేంద్రమును, వేరొకవంక 1998లో సైబర్ టవర్స్‌తో మొదలై మాదాపూరునుండి గచ్చిబౌలి దాటి వ్యాపించిన సౌధపంక్తులును గల ఈ తావున, రణరంగమునందలి శౌర్యము రాజ్యమేలుటకు అర్హతయగునా యను ప్రశ్నను పట్టభద్రులగుచున్న మీ యెదుట నుంచుట అసందర్భము కాదని తలచెదను. ఈ నగరము ఆ ప్రశ్నను స్వయముగా ననుభవించినది.

1948 సెప్టెంబరులో షోలాపురము వైపునుండి భారతసేనను నడిపి, ఐదు దినములలో నిజాము సేనను లొంగదీసిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురియే సైనిక గవర్నరై, 1949 డిసెంబరు వరకు హైదరాబాదును పాలించెను. జాగీర్లు రద్దయినది ఆ పాలనలోనే; అది చిన్న మేలు కాదు. అయినను ఆ శాసనము మేలో కీడో తేల్చుటకు పొలము దున్నిన రైతునకు ఓటు లేదు. 1958లో పాకిస్తానమున గద్దెనెక్కిన సేనాధిపతి అయూబ్ ఖాన్ పదేండ్లకు పైగా దిగకుండగా, ఇచ్చట సేనాని వెడలిపోయి, పౌరాధికారి వెల్లోడి వచ్చి, 1952 ఎన్నికల పిదప బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యగుట మన భాగ్యము.

అయితే నా మనస్సు నిలుచునది రావి నారాయణరెడ్డిగారి కడనే. నిజాము పక్షపు సాయుధదళమగు రజాకార్లకును, భూస్వాములగు దొరలకును ఎదురొడ్డి సాయుధపోరాటమును నడిపిన ఆ మహానుభావుడు, భారతసేన వచ్చిన పిమ్మట పోరును కొనసాగించుట తగదని తన కమ్యూనిస్టు పక్షములోనే వాదించి, సహచరుల వ్యతిరేకతను సహించెను. శత్రువు ఎదుట తుపాకి ఎత్తుటకు వలయు ధైర్యము వేరు, తనవారి యెదుట దానిని దింపుడని పలుకుటకు వలయు ధైర్యము వేరు. నాయకునకు ఈ రెండవది లేనిచో మొదటిది ప్రమాదకరమని నా దృఢవిశ్వాసము. 1952లో నల్లగొండ ప్రజలు ఆయనను నెహ్రూగారికంటెను అధికమైన ఓట్లతో లోకసభకు పంపిరి.

మన కాలమున యుద్ధవిమానములు నడిపిన ఉత్తమ్‌కుమార్ రెడ్డిగారు 1999లో కోదాడనుండి శాసనసభకు ఎన్నికై, 2023 డిసెంబరులో నీటిపారుదల మంత్రి అయిరి. కాలువ చివరి ఆయకట్టు రైతు నీరేదని నిలదీసిన దినమున, ఆయనకైనను మరెవరికైనను, గగనవిహారము సమాధానము కానేరదు. 2020లో గల్వాన్ లోయలో నేలకొరిగిన సూర్యాపేట వీరుడు కర్నల్ సంతోష్‌బాబునకు మనము ఎంత మ్రొక్కినను చాలదు. కాని అట్టి కృతజ్ఞతను మరియొకరు ఓట్లుగా మార్చుకొనుట నేను సహింపలేను.

మీలో అనేకులు నివసింపబోవు శేరిలింగంపల్లి, ఓటర్ల సంఖ్యలో తెలంగాణమునకెల్ల పెద్ద నియోజకవర్గము. 2023 శాసనసభ ఎన్నికలలో అచ్చట సగముమందియు ఓటు వేయలేదు. రానున్న ఎన్నికలలో పతకములు ధరించిన అభ్యర్థి మీ వాకిటికి వచ్చినచో లేచి నమస్కరింపుడు; పిదప ఆసీనుని గావించి, చెరువుల ఆక్రమణను గూర్చి ఏమి చేయుదువనియు, నీ పక్షము తప్పు చేసిననాడు ఏమి పలికితివనియు అడుగుడు.