డిస్కుల కూటమి: కలుపుటయు, కాపాడుటయు



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. తాళపత్రములు చదువుట చిన్ననాడు గురువుగారి సన్నిధిని నేర్చిన విద్య. మా గ్రామ గ్రంథాలయమువారు, ఇండ్ల అటుకలపై పురుగుల పాలగుచున్న తాటియాకు గ్రంథములకును, పాత దస్తావేజులకును ఛాయాచిత్రములు తీయించి కంప్యూటరున భద్రపరుపదలచి, ఆ భారము నాపై నుంచిరి. ఆ సందర్భమున డిస్కులను రైడ్ కంట్రోలరునకు కలుపు విధమును నేర్చుకొంటిని. నేర్చియు నొక తప్పు చేసితిని. ఆ రెంటిని నేడు మనవి చేసెదను.

హార్డు డిస్కునందు అద్దమువలె నునుపైన పళ్ళెములు గిరగిర తిరుగుచుండును. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగునవి సామాన్యము. వానిపై అయస్కాంతపు గురుతులుగా వ్రాత నిలుచును. ఐ.బి.ఎం. కంపెనీవారు 1956లో వెలువరించిన మొదటి డిస్కు యంత్రమున రెండడుగుల వెడల్పుగల పళ్ళెములు 50 ఉండెను. పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. సాలిడ్ స్టేట్ డ్రైవునందు తిరుగునదేదియు లేదు. చిప్పులలో విద్యుత్తు రూపమున వ్రాత నిలుచును. దానికి వేగము హెచ్చు, వెలయు హెచ్చు. అయినను ఈ రెండును ఏదో యొకనాడు చెడునవియే.

అమెరికాలో బర్క్‌లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు విద్వాంసులు 1988లో నొక వ్యాసము ప్రకటించిరి. మిక్కిలి వెలగల డిస్కొక్కదానికంటె చౌక డిస్కులను పెక్కింటిని కూర్చి ఒక్కటిగా పనిచేయించుట మేలనియు, అందొకటి చెడినను వ్రాత చెడకుండ చేయవచ్చుననియు వారి సిద్ధాంతము. ఆ కూటమికే రైడ్ అని పేరు. దానిని నడుపు పలకయే కంట్రోలరు.

ఒకటి చెడినను వ్రాత యెట్లు నిలుచును? మూడు డిస్కులపై వరుసగా 4, 7, 2 అని వ్రాసితిమనుకొనుడు. నాలుగవదానిపై వాని మొత్తము 13 వ్రాయుదము. రెండవది చెడినచో, 13 నుండి 4ను, 2ను తీసివేసిన 7 తిరిగివచ్చును. కంట్రోలరు చేయు లెక్క వేరైనను తత్త్వమిదియే. ఈ మొత్తములను ఒక్క డిస్కుననే యుంచక వంతులవారీగా అన్నింటిపై పంచును. దీనిని రైడ్ 5 అందురు. రెండు డిస్కులపై ఒకే వ్రాతను నిలుపుట రైడ్ 1. వేదమును పదముగను, క్రమముగను, జటగను, ఘనముగను వల్లించి, ఒక పాఠమున దొరలిన తప్పును వేరొక పాఠముచే పట్టుకొనిన మన పెద్దలకు ఈ యుక్తి క్రొత్త గాదు. కాని రైడ్ 5లో ఒకటి పోయినచో లెక్క తేలును. రెండు పోయినచో తేలదు. ఈ మాట జ్ఞప్తియందుంచుడు.

ఇక కలుపు విధము. మొదట కరెంటు తీగను గోడనుండి ఊడదీయవలెను. పెట్టెయొక్క లోహభాగమును చేతితో తాకి, పిదపనే పలకను ముట్టవలెను. మన యొంటనుండు విద్యుత్తు చిప్పులను చెరుపవచ్చును. పలకను దాని గాడిలో పూర్తిగా దిగునట్లు నొక్కి మరచుట్టు బిగింపవలెను. మాకు దొరకిన కేబులు కంట్రోలరువైపు ఒక్క మొనయు, డిస్కులవైపు నాలుగు మొనలును గలది. ప్రతి మొనకును అంకె యుండును. డిస్కునందు ఇరుకుదాని గుండ వ్రాతయు, వెడల్పుదాని గుండ కరెంటును పోవును. తిన్నగా దిగనిచో తిప్పి చూడవలెనే గాని బలవంతము చేయరాదు.

ఒక కూటమియందు డిస్కులన్నియు నొకే జాతివి, ఒకే పరిమాణముగలవి కావలెను. మూడు నాలుగేసి టెరాబైట్లవియై, ఒకటి మూడింటిదైనచో, అన్నింటిని మూడింటివిగానే కంట్రోలరు ఎంచును. హార్డు డిస్కులను, సాలిడ్ స్టేట్ డ్రైవులను ఒకే కూటమిలో కలుపుట తగదు. కాడికి ఒకవైపు గుఱ్ఱమును, ఒకవైపు ఎద్దును కట్టినట్లగును. పెక్కు కంట్రోలర్లు దాని నొప్పుకొననే యొప్పుకొనవు. మేము నాలుగు టెరాబైట్ల హార్డు డిస్కులు నాలుగింటిని రైడ్ 5గా కూర్చితిమి. 16లో 12 టెరాబైట్లు మాకు మిగిలెను. సాలిడ్ స్టేట్ డ్రైవులు రెండింటిని వేరుగ రైడ్ 1గా కూర్చి, గ్రంథముల పట్టికను వానిపై నుంచితిమి.

ఇపుడు నా తప్పు చెప్పెదను. ఒకనాటి ఉదయమున కంట్రోలరు కూతపెట్టెను. 2వ డిస్కు చెడినదని తెరపై కనబడెను. నేను ఒకటి, రెండు అని లెక్కించి, రెండవదానిని లాగితిని. ఆ కంట్రోలరు సున్న మొదలుకొని లెక్కించును. దాని 2 మనకు మూడవది! పిల్లలకు అంకెలు నేర్పిన నేను చెడినదానిని విడిచి మంచిదానిని లాగితిని. కూటమి మూతపడెను. అచ్చటనైన నిలిచి తెలిసినవారి నడుగవలసినది. తొందరపడి డిస్కును మరల పెట్టి, పాత అమరికను స్వీకరింతువా, తుడిచివేయుదువా అని అది యడుగగా, తుడిచివేయుమంటిని. క్రొత్త కూటమిని కట్టితిని. పాత వ్రాత యంతయు పోయెను.

మా గ్రంథాలయ కార్యదర్శి ముందుచూపుగలవాడు. రెండు నెలలకు ముందు తీసిన ప్రతియొకటి ఆయన యింట నుండెను. ఆ తరువాతి చిత్రములలో పెక్కింటిని మరల తీసితిమి. ఒక యింటి ఆకులు మాత్రము మరల దొరకలేదు. వారి మిద్దె ఆ వానలలో కూలినది. ఆకులు మట్టిలో కలిసినవి. ఆ యింటి పెద్దాయన నన్నొక్క మాటయు ననలేదు. అదియే నాకు మిక్కిలి బాధ.

కావున పెద్దలారా, డిస్కును గూటిలో పెట్టకమునుపే దానిపైనున్న సంఖ్యను చీటిపై వ్రాసి గూటికి అంటింపుడు. చెడినదానిని తీయుటకు ముందు ఆ సంఖ్యను ఇద్దరు చూడవలెను. క్రొత్త డిస్కు పెట్టిన పిదప వ్రాత మరల నిండుటకు పెక్కు గంటలు పట్టును. అంతవరకు దానిని కదలింపరాదు. అన్నిటికంటె ముఖ్యము: కూటమి వేరు, ప్రతి వేరు. పొరపాటున మనము చెరిపినదానిని కూటమియు చెరిపివేయును. పిడుగు పడినచో డిస్కులన్నియు నొక్కమారే పోవచ్చును. వేరొక యింట నున్న ప్రతియొక్కటియే తుదకు మనలను కాచును.