పాటలు కట్టిన బడి

(మండల కళాబృందాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి ఒకే విషయం మాట్లాడుకుంటున్నాం. మన బృందాలు ఈ ఎండాకాలం ఊరూరా పాడాలి, వచ్చిన పైసలతో పిల్లల పైచదువులకు ఒక నిధి పెట్టాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు పట్టుకుంటే, ముందుకు చదవలేక పత్తి ఏరబోతున్న పిల్లలు మన వాడల్లో ఉన్నారు. ఈ మాట ఎవరూ కాదనలేదు. కానీ ఒక పెద్దాయన లేచి అడిగాడు: "డప్పు కొట్టి చెయ్యి చాపుడు మన తాతలనాటి నుంచి ఉన్నదే గదా. దాన్ని వదిలించుకునేటందుకే గదా ఇన్నేండ్లు కొట్లాడింది. మల్ల గదే పనా?"

ఈ ప్రశ్నను పక్కకు తోసి తీర్మానం రాసుకోవడం మర్యాద కాదు. దీనికి జవాబు చెప్పడానికే మేం లేచాం. జవాబు మన దగ్గరే ఉంది గాని, అంతకంటే ముందు చాలా దూరం, అమెరికాకు పోయి రావాలి. అక్కడ మనలాంటి జనమే ఈ పని 150 ఏళ్ల కిందట చేసి చూపారు.

అక్కడ నల్లవాళ్ల బానిసత్వం చట్టం ప్రకారం 1865లో పోయింది. మరుసటి ఏడే టెన్నెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో, యుద్ధం రోజుల్లో సైనికుల ఆసుపత్రిగా వాడి వదిలేసిన చెక్క కొట్టాల్లో వాళ్లకొక బడి పెట్టారు. దాని పేరు ఫిస్క్. అంతకుముందు చాలా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసకు అక్షరం నేర్పడమే నేరం. ఆ జనం పిల్లా ముసలీ తేడా లేకుండా బడికి వచ్చారు. పుస్తకాలకు డబ్బు లేదు. బానిసల్ని అమ్మిన సంతలో పడి ఉన్న సంకెళ్లను పాత ఇనుముకు అమ్మి అక్షరాల పుస్తకాలు కొన్నారని ఆ బడి చరిత్రలో చెప్పుకుంటారు. మా క్లాసులో ఈ ముక్క చెప్పినప్పుడు వెనక బెంచీ కూడా గమ్మున వింటుంది.

అయిదేళ్లకే బడి అప్పుల్లో మునిగింది. మూసేసే పరిస్థితి. అప్పుడు, 1871 అక్టోబరు 6న, బడి లెక్కలు చూసే, పాట నేర్పే జార్జ్ వైట్ అనే తెల్ల మాస్టరు తొమ్మిదిమంది విద్యార్థుల్ని తీసుకొని బయలుదేరాడు. ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లే. అందులో ఎల్లా షెపర్డ్ అని ఇరవై ఏళ్ల పిల్ల. ఆమెను తండ్రి డబ్బు కట్టి విడిపించుకున్నాడు. తల్లిని విడిపించుకోలేకపోయాడు.

వాళ్లు సిన్సినాటిలో పాడుతున్న రోజుల్లోనే షికాగో నగరం తగలబడింది. పాటకు వచ్చింది 50 డాలర్ల దరిదాపు. తమ దారిఖర్చులకే కటకట. అయినా ఆ పైసలన్నీ షికాగో బాధితులకు ఇచ్చేశారు. పెద్దాయనా, అడుక్కునేవాడు చేసే పనేనా ఇది? తన చేతిలో ఉన్న దాన్ని ఎవరికివ్వాలో తానే తేల్చుకునేవాడు చేసే పని.

ఇబ్బందులు తక్కువేం పడలేదు. లాడ్జీల్లో గది ఇవ్వలేదు. తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకొని నల్లవాళ్లను ఎగతాళి చేసే ఆటలు అప్పుడు జోరుగా నడుస్తున్నాయి, వచ్చిన జనం వీళ్ల దగ్గరా అదే చూద్దామనుకున్నారు. మొదట్లో వీళ్లు తెల్లవాళ్ల పాటలే ఎక్కువ పాడారు. తమ తల్లిదండ్రులు చేలల్లో పాడుకున్న పాటల్ని బయట పాడడానికి మనసొప్పలేదు. అవి కష్టకాలం పాటలు, కొంత సిగ్గు, కొంత పవిత్రం. మన డప్పు గురించి మనలో మనం పడే తర్జనభర్జనే ఇది. చివరికి ధైర్యం చేసి ఆ పాటలే వేదికెక్కించారు. జనం ఏడ్చింది వాటికే. తమ బృందానికి 'జూబిలీ' అని పేరు పెట్టుకున్నారు. బైబిలు చదివేవాళ్లకు తెలుసు, లేవీయకాండంలో దాసులు విడుదలయ్యే సునాద సంవత్సరం అది.

మొదటి యాత్రలోనే 20,000 డాలర్లు వచ్చాయి. 1873లో ఇంగ్లండు పోయి విక్టోరియా రాణి ముందు పాడారు. 1878 నాటికి మొత్తం లక్షా 50 వేల డాలర్ల దాకా అయింది. ఆ డబ్బుతో లేచిన జూబిలీ హాలు 1876 జనవరి 1న తెరుచుకుంది. ఆ ఫిస్క్‌లోనే 1888లో పట్టా తీసుకున్నాడు డుబాయిస్. ఆ పాటల మీద 1903 నాటి తన పుస్తకంలో ఒక అధ్యాయమే రాశాడు. నల్లజాతి వాళ్లు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న అర్జీ కాపీ కావాలని బాబాసాహెబ్ 1946లో ఉత్తరం రాసింది ఈ డుబాయిస్‌కే.

ఇక మన దగ్గరికి వద్దాం. వెట్టి డప్పు ఎట్లుండేది? దొర ఇంట్లో చావైతే పోవాలి, ఊరి జాతరకు పోవాలి. ఎప్పుడు కొట్టాలో, ఎంతసేపు కొట్టాలో వాళ్లే చెప్పేవాళ్లు. విసిరేసిన చిల్లర వంగి ఏరుకోవాలి. ఇప్పుడు మనం అనుకుంటున్న దాంట్లో రోజు మనది, పాట మనది, చాటింపు మనది, పెట్టె తాళం మనది. డప్పు అదే గాని పని వేరు. పెద్దాయన భయం మాత్రం పూర్తిగా కొట్టేయదగ్గది కాదు. పెట్టె తాళం చెయ్యి మారితే అది మళ్లా పాత పనే అవుతుంది.

అందుకని కొన్ని షరతులు. ఫిస్క్ పాటగాళ్ల కథలో చీకటి కూడా ఉంది. విశ్రాంతి లేక ఏడేళ్లలో ఆరోగ్యాలు దెబ్బతిన్నాయి, 1878లో ఆ బృందం విడిపోయింది. తర్వాత వాళ్లలో లౌడిన్ అనే గాయకుడు విశ్వవిద్యాలయంతో సంబంధం లేకుండా సొంత బృందం నడిపి, పాడుకుంటూ మన దేశం దాకా వచ్చాడు. హాలు నిలబడింది, గొంతులు అరిగిపోయాయి. మనం అట్ల చేయొద్దు. పెట్టెలో పడ్డ దాంట్లోంచి ముందు తియ్యాల్సింది బస్సు చార్జీ, భోజనం, ఆ రోజు పోయిన కూలి. సేవ పేరు చెప్పి డప్పు కొట్టేవాడి కడుపు కొట్టొద్దు.

డబ్బు వేదిక మీదే లెక్కపెట్టాలి, మైకులో చదవాలి. అవ్వ వేసిన పది రూపాయలు కూడా చదవాలి. తెల్లారి వాడలో గోడ మీద సుద్దతో రాయాలి. ఫోన్‌పే ఒకరి సొంత నంబరుకు వద్దు. ఎంత నిజాయితీపరుడైనా మూడోనాటికి అనుమానం పుడుతుంది, సంఘం చీలుతుంది. బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరిచి ఇద్దరు అక్కల సంతకం పెట్టిద్దాం. నాయకుడు అయిదు వేలు ఇస్తే రశీదు ఇద్దాం, ఫ్లెక్సీ కట్టొద్దు.

ఇంకొకటి, ఇది కొందరికి కటువుగా ఉంటుంది. నిధి ఎవరికి అన్నప్పుడు మాల పిల్లా, మాదిగ పిల్లా అనే లెక్క లేవొద్దు. అసలు మొదటి పేర్లు డక్కలి, చిందు పిల్లలవి రాయాలని మా మాట. ఊరు మనల్ని అంటరానివాళ్లను చేస్తే, మనం వాళ్లను మన గుమ్మం ముందు నిలబెట్టాం. కిన్నెర మోగించి, భాగవతం ఆడి మనల్ని అడిగి బతికారు వాళ్లు. ఈసారి వాళ్ల కిన్నెర మన డప్పు పక్కన వేదిక మీద ఉండాలి, వాళ్ల కూలి మన కూలితో సమానంగా ఉండాలి.

మొదటి ప్రదర్శన ఎక్కడన్నది తేలలేదు. రెండు ఊర్లు అడుగుతున్నాయి. ఒక దాంట్లో కరెంటు మైకు ఉంది, ఇంకోదాంట్లో చదువు ఆగిన పిల్లలు ఎక్కువున్నారు. రెండోదే మేలని మా ఉద్దేశం. అన్నం తిని మాట్లాడుకుందాం. జై భీమ్.